వనేడియం ఓడదా, సిమెంటు బట్టీదా? గాలిలో లోహాల ఆరా

క్లుప్తంగా

గాలిలో దుమ్ము ఎంత బరువుందో పీఎం 10 అంకె చెబుతుంది. ఆ దుమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. అది తెలియాలంటే దుమ్ములో అతి కొద్దిగా ఉండే లోహాలను అడగాలి. సముద్ర తీరంలో ఈ ఆరాకు ఒక చిట్టా ఉంది. సోడియం కనిపిస్తే ఉప్పుగాలి, వనేడియం కనిపిస్తే ఓడల పొగ, ఇనుము ఎక్కువైతే పోర్టులో ఖనిజం కుప్పలు. అదే చిట్టాను నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు తెచ్చి పెడితే కొన్ని గుర్తులు తప్పుదారి పట్టిస్తాయి. ఏవి, ఎందుకు అన్నదే ఇక్కడి విషయం.

ఒకే జాబితాలో విశాఖ, నల్లగొండ

2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు వరుసగా ఐదేళ్లు అందుకోలేని నగరాల జాబితా ఒకటి తీసింది. అందులో హైదరాబాద్, పటాన్‌చెరు ఉండటం ఎవరికీ వింత కాలేదు. నల్లగొండ పేరు కనిపించేసరికి మాత్రం చాలామంది తికమక పడ్డారు. పెద్ద పరిశ్రమ ఊళ్లో ఏముంది? విశాఖపట్నంతో సమానంగా ఈ ఊరు జాబితాలోకి ఎలా ఎక్కింది?

జవాబు జాబితా తయారైన పద్ధతిలోనే ఉంది. అక్కడ ప్రధానంగా చూసింది పీఎం 10, అంటే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువుల మొత్తం బరువు. వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఈ రేణువులు విడివిడిగా కంటికి ఆనవు. విశాఖలో ఆ బరువులో సముద్రపు ఉప్పు, బొగ్గు పొడి, ఇనుప ఖనిజం, ఓడల మసి కలిసి ఉంటాయి. నల్లగొండలో చెల్క మట్టి, కంకర పొడి, లారీల పొగ, ఊక బూడిద ఉంటాయి. త్రాసు మీద రెండూ ఒకటే. మనిషి ఊపిరితిత్తులకు గానీ, ఎక్కడ ఏం ఆపాలో తేల్చుకోవాల్సిన అధికారికి గానీ ఒకటి కావు.

త్రాసుకు అందని లెక్క

మన దేశంలో ఇప్పుడు అమల్లో ఉన్న గాలి ప్రమాణాలు 2009 నవంబరులో వచ్చాయి. మొత్తం 12 కాలుష్యాలకు హద్దులు పెట్టారు. పీఎం 10 ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు దాటకూడదు, పీఎం 2.5 అయితే 40. ఆ 12లో మూడు లోహాలకు కూడా చోటుంది. సీసం ఏడాది సగటు 0.5 మైక్రోగ్రాము, నికెల్ 20 నానోగ్రాములు, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు. ఆర్సెనిక్ అసలు లోహం కాదు, ఉపలోహం అని రసాయన శాస్త్రం అంటుంది గానీ ఈ లెక్కల్లో దాన్ని లోహాలతోనే కలిపి చూస్తారు.

నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. 60 మైక్రోగ్రాముల దుమ్ములో 6 నానోగ్రాముల ఆర్సెనిక్ అంటే పదివేలలో ఒక వంతు. ఆ ఒక్క వంతు కోసం ఇంత హైరానా ఎందుకంటే ఆర్సెనిక్, కాడ్మియం, నికెల్ సమ్మేళనాలు, ఆరు వేలెన్సీ ఉన్న క్రోమియం, ఇవన్నీ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేస్తే చాలా విషయం తేటపడుతుంది. భూమి పైపొరలో సగటున పది లక్షల భాగాలకు దాదాపు 2 భాగాల ఆర్సెనిక్ ఉంటుంది. గాలిలో ఉన్నదంతా అలాంటి మట్టే అనుకుంటే, 60 మైక్రోగ్రాముల దుమ్ములో ఆర్సెనిక్ 0.12 నానోగ్రాము. ఒట్టి మట్టి దుమ్ముతోనే 6 నానోగ్రాముల హద్దు దాటాలంటే గాలిలో దుమ్ము 3,000 మైక్రోగ్రాములకు చేరాలి. అది సుడిగాలి మధ్యలో నిలబడితే ఉండే పరిస్థితి. ఎక్కడైనా ఆర్సెనిక్ ఏడాది పొడవునా హద్దు దగ్గర తచ్చాడుతోందంటే, తప్పు సాధారణంగా మట్టిది కాదు. దగ్గర్లో బొగ్గు మండుతూ ఉండాలి, లేదా లోహం కరుగుతూ ఉండాలి.

మొబైల్‌లో కనిపించే గాలి నాణ్యత సూచీ, అంటే ఏక్యూఐ, ఈ విషయంలో పెద్దగా సాయపడదు. దాని లెక్కలోకి తీసుకునే ఎనిమిది కాలుష్యాల్లో సీసం ఉంది గానీ గంటగంటకూ దాన్ని కొలిచి చూపించరు. ఆర్సెనిక్, నికెల్ ఆ ఎనిమిదిలోనే లేవు. ఏక్యూఐ పచ్చగా ఉన్నంత మాత్రాన లోహాల సంగతి తేలినట్టు కాదు.

తూర్పార పట్టినప్పుడు జరిగేదే

కల్లంలో వడ్లు తూర్పార పడితే గట్టి గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది, తాలు రెండు గజాల అవతల పడుతుంది, నూగు ఎటు పోయిందో కనపడదు. గాలిలో రేణువులకూ ఇదే సూత్రం. క్రషర్ దగ్గర లేచే ముతక పొడి కొన్ని గంటల్లో చుట్టుపక్కల చేల మీదనే దిగిపోతుంది. పొగలోంచి పుట్టే ఒక మైక్రాను లోపు రేణువు వారం దాకా గాలిలో ఉండి వందల కిలోమీటర్లు పోగలదు.

మరో తేడా ఇంకా ముఖ్యం. రాయిని నలగ్గొడితే వచ్చే పొడిలో లోహం రాతి లోపల బిగిసి ఉంటుంది, నీటికి, ఊపిరితిత్తుల తేమకు అంత త్వరగా బయటికి రాదు. బొగ్గు మండినప్పుడు ఆర్సెనిక్, సెలీనియం, సీసం, పాదరసం లాంటివి ఆ వేడికి ఆవిరై, పొగ చల్లారుతుంటే దగ్గర్లో ఉన్న సన్న బూడిద రేణువుల పైన పూతలా పేరుకుంటాయి. పాదరసంలో చాలా భాగం ఆవిరిగానే వెళ్లిపోతుంది. సన్న రేణువుకు బరువు తక్కువ, ఉపరితలం ఎక్కువ. అందుకే అదే బరువు బూడిదలో, సన్నదానికి ఈ పూత ఎక్కువ పడుతుంది. పైగా లోహం పైపైనే ఉంటుంది కాబట్టి ఒంట్లోకి సులువుగా కరుగుతుంది. కంటికి మేఘంలా కనిపించే కంకర దుమ్ము కంటే, పలచగా కనిపించే పొగలో లోహాల ముప్పు ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. దీనర్థం క్రషర్ దుమ్ము మంచిదని కాదు. అందులోని స్ఫటిక సిలికాతో వచ్చే సిలికోసిస్ అక్కడ పనిచేసే కూలీల ప్రాణాలు తీసే జబ్బు. కానీ అది లోహాల కథ కాదు.

తీరంలో చిట్టా ఎలా చదువుతారు

విశాఖను ఉదాహరణగా తీసుకుంటే, తీరపు గాలిలో కనీసం నాలుగైదు రకాల రేణువులు ఒకదాని మీద ఒకటి పడతాయి.

మొదటిది ఉప్పు. అలలు విరిగినప్పుడు నురగ బుడగలు పగిలి తుంపర లేస్తుంది, నీరు ఆరిపోయి ఉప్పు రేణువు మిగులుతుంది. దీని గుర్తు సోడియం, క్లోరిన్, మెగ్నీషియం. సముద్రపు నీటిలో సోడియం ఒక గ్రాము ఉంటే మెగ్నీషియం 0.12 గ్రాము. ఏ సముద్రంలోనైనా దాదాపు ఇదే నిష్పత్తి. అందుకని గాలిని పీల్చే యంత్రంలో దుమ్ము పట్టే ఫిల్టర్ మీద సోడియం ఎంతుందో చూసి, అందులో ఎంత సల్ఫేటు, ఎంత మెగ్నీషియం సముద్రం వాటాయో తీసేయవచ్చు. మిగిలింది మనుషుల వాటా, మట్టి వాటా. ఉప్పు పీఎం 10 బరువును పెంచుతుంది గానీ విషపు లోహాలను దాదాపు తేదు. తీరపు ఊళ్లకు ఇది కొంత రాయితీ లాంటిది.

రెండోది పోర్టు యార్డుల్లో కుప్పలు పోసే సరుకు. విశాఖ పోర్టు ఇనుప ఖనిజం, బొగ్గు, మాంగనీసు ఖనిజం ఎగుమతి దిగుమతులకు పేరున్నది. మామూలు మట్టిలో అల్యూమినియం 8 పాళ్లుంటే ఇనుము 5 పాళ్లు. ఖనిజంలో ఇనుము 60 శాతం పైమాటే. ఫిల్టర్ మీద అల్యూమినియం కంటే ఇనుము బాగా ఎక్కువైతే అది నేల మట్టి కాదని వెంటనే తెలిసిపోతుంది. అయితే ఉక్కు కర్మాగారం కూడా అదే ఊళ్లో ఉండటంతో ఖనిజం పొడి ఏది, కొలిమి పొగ ఏది అన్నది తేల్చడానికి రేణువు సైజు చూడాలి. కుప్ప నుంచి లేచేది ముతక, కొలిమి నుంచి వచ్చేది సన్నం.

మూడోది పాత పరిశ్రమల జ్ఞాపకం. విశాఖలో జింకు స్మెల్టర్, అంటే ఖనిజం నుంచి జింకును తీసే ఫ్యాక్టరీ, 2012లో మూతపడింది. పొగ ఆగినా, దశాబ్దాల పాటు చుట్టుపక్కల నేల మీద పడిన లోహం నేలలోనే ఉంటుంది. గాలి వీచినప్పుడు, లారీ పోయినప్పుడు అది మళ్లీ లేస్తుంది.

తీరానికే ప్రత్యేకమైన ఒక తిరకాసు కూడా ఉంది. మట్టి దుమ్ముకు టైటానియాన్ని గుర్తుగా వాడటం మామూలే. భీమిలి వైపు బీచ్‌లలో నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంటుంది, అది టైటానియం ఖనిజం. అక్కడ టైటానియం ఎక్కువైందంటే పొలాల మట్టి లేచిందని కాదు, బీచ్ ఇసుక లేచి ఉండవచ్చు.

వీటన్నిటినీ అటూ ఇటూ తిప్పేది సముద్రపు గాలి. పగలు నేల వేడెక్కి సముద్రం నుంచి గాలి లోపలికి వస్తుంది, రాత్రి నేల నుంచి సముద్రం మీదకు పోతుంది. రాత్రి సముద్రం మీదకు పోయిన పొగలో కొంత పగలు తిరిగి ఊరి మీదకే వస్తుంది. విశాఖకు ఒక పక్క యారాడ కొండ, మరో పక్క కైలాసగిరి ఉండటంతో ఊరు చిప్పలా ఉండి, వచ్చిన గాలి అంత తేలిగ్గా బయటపడదు.

వనేడియం చిక్కు

తీరపు పరిశోధనల్లో ఓడల పొగకు ఏళ్ల తరబడి తిరుగులేని గుర్తుగా నిలిచింది వనేడియం. ముడి చమురులో వనేడియం, నికెల్ సహజంగానే ఉంటాయి. రిఫైనరీలో పెట్రోలు, కిరోసిన్, డీజిల్ పైకి తేలిపోతాయి, ఈ లోహాలు అడుగున మడ్డిలో మిగిలిపోతాయి. పెద్ద ఓడలు కాల్చేది ఆ మడ్డి నూనెనే. అందుకే ఓడ పొగ సన్న రేణువుల్లో వనేడియం, నికెల్ జంటగా కనిపిస్తాయి. సాధారణంగా నికెల్ కంటే వనేడియం రెండు మూడు రెట్లు ఎక్కువ ఉండేది.

ఉండేది అనడానికి కారణముంది. 2020 జనవరి 1 నుంచి అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ ఓడల ఇంధనంలో గంధకం హద్దును 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించింది. గంధకం తగ్గించడానికి ఇంధనాన్ని శుద్ధి చేయడం, తేలిక నూనెలు కలపడం మొదలయ్యేసరికి వనేడియం కూడా తగ్గిపోయింది, నికెల్‌తో దాని పాత నిష్పత్తి చెదిరిపోయింది. 2020కి ముందు తయారైన చిట్టాతో ఇప్పటి పోర్టు గాలిని చదివితే ఓడల వాటా ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. ఓడలు తగ్గలేదు, వాటి గుర్తు మసకబారింది.

మరి సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నల్లగొండ జిల్లాలో వనేడియం కనిపిస్తే? ఓడల నుంచి ఇంత దూరం వచ్చిందనుకోవడం తొందరపాటు. ఆ మడ్డినే ఇంకా కాచి గట్టిపరిస్తే వచ్చేది పెట్‌కోక్. మడ్డిలోని వనేడియం, నికెల్, గంధకం అందులోకే దిగుతాయి. పెట్‌కోక్‌ను పెద్ద ఎత్తున వాడేవి సిమెంటు బట్టీలు. 2017లో సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో పెట్‌కోక్‌ను నిషేధించినప్పుడు కూడా ఆ తర్వాత సిమెంటు, సున్నం పరిశ్రమలకు మినహాయింపు దొరికింది. బట్టీలో ఉన్న సున్నం గంధకాన్ని పీల్చుకుంటుందన్నది దానికి చెప్పిన కారణం. 2018లో ఇంధనంగా వాడేందుకు పెట్‌కోక్ దిగుమతిని ఆపినప్పుడూ సిమెంటు బట్టీలను వదిలిపెట్టారు.

కృష్ణ ఒడ్డున వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు నార్జి సున్నపురాయి పొరల మీద సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి. జిల్లాల విభజన తర్వాత వీటిలో కొన్ని నల్లగొండలో, కొన్ని సూర్యాపేటలో ఉన్నాయి. గాలికి జిల్లా సరిహద్దు తెలియదు కాబట్టి ఇదంతా ఒకే పట్టీగా చూడాలి. ఈ పట్టీలో వనేడియం దొరికితే ముందు ఆరా తీయాల్సింది బట్టీల్లో ఏ ఇంధనం వాడారన్నదే.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. సిమెంటు బట్టీ లోహాలను చాలా మటుకు తనలోనే దాచుకుంటుంది. వనేడియం, నికెల్, క్రోమియం లాంటి త్వరగా ఆవిరి కానివి క్లింకర్‌లోనే, అంటే పొడి కొడితే సిమెంటు అయ్యే గడ్డల్లోనే, కలిసిపోతాయి. చిమ్నీ నుంచి జారిపోయేవి త్వరగా ఆవిరయ్యే పాదరసం, థాలియం లాంటివి. అందువల్ల బయట వనేడియం కనిపిస్తే చిమ్నీ కంటే పెట్‌కోక్‌ను దించే చోటు, పొడి కొట్టే చోటు, మూతల్లేని కుప్పలు ముందు చూడాల్సినవి కావచ్చు. పాత టైర్లను, పరిశ్రమల వ్యర్థాలను ఇంధనంగా వాడే బట్టీల విషయంలో జింకు కూడా లెక్కలోకి వస్తుంది, టైరు రబ్బరులో జింకు ఆక్సైడ్ ఉంటుంది కాబట్టి.

ఓడదా, బట్టీదా అన్నది తేల్చేది పక్కనున్న తోడు. వనేడియంతో పాటు సోడియం ఉండి, గాలి సముద్రం వైపు నుంచి వీచిన గంటల్లోనే అది పెరిగితే ఓడలను అనుమానించాలి. కాల్షియం బాగా ఎక్కువుండి, గాలి కృష్ణ ఒడ్డు వైపు నుంచి వచ్చిన రోజుల్లో పెరిగితే బట్టీల పట్టీని. ఏ లోహమూ ఒంటరిగా సాక్ష్యం చెప్పదు.

చెల్క మట్టి, గులాబీ రాయి

మట్టి వాటాను తేల్చడానికి వాడే లెక్కకు సుసంపన్నత గుణకం అని పెద్ద పేరుంది. విషయం సులువైనదే. భూమి పైపొరలో అల్యూమినియం పది లక్షలకు దాదాపు 80,000 భాగాలు, సీసం 15 భాగాలు. గాలిలో 2,000 నానోగ్రాముల అల్యూమినియం దొరికిందనుకుందాం. అది మట్టి వల్లే వచ్చి ఉంటే దాంతో పాటు సీసం 0.4 నానోగ్రాముకు మించి ఉండకూడదు. ఫిల్టర్ మీద 20 నానోగ్రాములు తేలితే, మట్టి లెక్క కంటే అది 50 రెట్లు. ఈ గుణకం 1 దగ్గర ఉంటే మట్టి, 10 దాటితే మనుషుల పని అన్నది స్థూలంగా పాటించే కొలత.

పాలమూరు, నల్లగొండల్లో ఎర్ర చెల్కలకు ఆ రంగు ఇనుము ఆక్సైడ్ వల్ల వచ్చింది. ఎండాకాలం దున్ని వదిలేసిన చెల్కల మీద పడమటి గాలి వీచినప్పుడు దుబ్బ లేచి ఇళ్లలో గిన్నెల మీద కూడా పేరుకుంటుంది. దాన్ని పరీక్షకు పంపితే ఇనుము భారీగా కనిపిస్తుంది. అల్యూమినియంతో పోల్చి చూస్తే మాత్రం గుణకం 1 దగ్గరే ఉంటుంది. విశాఖలో ఇనుము పెరిగితే పోర్టును అడగాలి, నారాయణపేటలో పెరిగితే ముందు పొలాలను అడగాలి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, పైన చెప్పిన పైపొర అంకెలు ప్రపంచం మొత్తానికి సగటు. ఈ ప్రాంతం కింద ఉన్నది గ్రానైటు, నీస్ రాళ్లు. ఇక్కడి గులాబీ గ్రానైటుకు ఆ రంగు తెచ్చేది పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్. గాలి పరిశోధనల్లో పొటాషియాన్ని కట్టె, గడ్డి, ఊక పొగకు గుర్తుగా వాడతారు. అంటే కంకర మిషన్ల పక్కన పెట్టిన ఫిల్టర్‌లో పొటాషియం ఎక్కువొస్తే, లెక్క తెలియని వాళ్లు వరికొయ్యలు కాల్చిన పొగ అని రాసేసే ప్రమాదముంది. విడదీసే దారి సులభమే. రాతిలోని పొటాషియం నీటిలో కరగదు, పొగలోనిది కరుగుతుంది. ఫిల్టర్ ముక్కను ముందు నీటిలో నానబెట్టి కరిగిన పొటాషియాన్ని విడిగా కొలిస్తే కంకర వాటా, పొగ వాటా వేరవుతాయి. ఇది చేయకుండా ఇచ్చే నివేదిక వల్ల కేసు రైతు మీద పడుతుంది, దుమ్ము క్రషర్‌ది అయినా.

ఫ్లోరైడ్, యురేనియం సంగతి

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. ఫ్లోరైడ్ లోహం కాదు. ఇక్కడి గ్రానైటులోని ఖనిజాల నుంచి అది బోరు నీటిలోకి దిగింది, మనుషులకు చేరిన దారి నీరు, తిండి. గాలిలో ఫ్లోరైడ్ అంటే ఇటుక బట్టీల్లో మట్టి కాలినప్పుడు వచ్చే వాయువు లాంటిది. రెండిటినీ కలిపి మాట్లాడటం అనవసరపు టెన్షన్.

యురేనియం విషయంలో నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు నిక్షేపాలు, నల్లమలలో అన్వేషణ, తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో శాసనసభ చేసిన తీర్మానం అందరికీ తెలిసినవే. గ్రానైటులో యురేనియం సహజంగానే పది లక్షలకు కొన్ని భాగాలు ఉంటుంది. నేల కింద నిక్షేపం ఉన్నంత మాత్రాన అది గాలిలోకి రాదు, తవ్వి పొడి చేస్తేనే వస్తుంది.

వాడపల్లి నుంచి మిర్యాలగూడ దాకా

దక్షిణ తెలంగాణలో లోహాల లెక్కకు అన్నిటికంటే ఆసక్తికరమైన చోటు మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి చుట్టూరా ఉన్న 30, 40 కిలోమీటర్ల ముక్క. సిమెంటు ఫ్యాక్టరీలకు తోడు దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. మొదటగా ఒక యూనిట్ 2024 డిసెంబరులో ప్రారంభమైంది. ఇటు మిర్యాలగూడ రైస్ మిల్లులు, అటు నది దాటితే పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలు. మధ్యలోంచి నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు.

మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. పొగ గొట్టం దగ్గర ఉండే ఎలక్ట్రోస్టాటిక్ యంత్రాలు బూడిదలో 99 శాతం పైగా పట్టేస్తాయి. తప్పించుకునేదంతా అతి సన్నం. లోహాల పూత ఎక్కువ ఉన్నదీ అదేనని పైన చూశాం. కాబట్టి బరువు లెక్కలో 99 శాతం పట్టినట్టు అయినా, ఆర్సెనిక్, సెలీనియం లెక్కలో పట్టింది అంతకంటే తక్కువే. 2015 డిసెంబరు నిబంధనలు 2017 తర్వాత వచ్చే యూనిట్ల పొగలో దుమ్ముకు ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు, పాదరసానికి 0.03 మిల్లీగ్రాము హద్దు పెట్టాయి. ఆర్సెనిక్‌కు అలాంటి విడి హద్దు పెట్టలేదు.

బొగ్గు పొగకు నమ్మకమైన గుర్తులు సెలీనియం, ఆర్సెనిక్ జంట. సున్నపురాయికి కాల్షియం. రైస్ మిల్లుల సంగతి వేరు. బాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్లకు ఊకే ఇంధనం. ఊక కాలితే దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో 85 శాతం పైన సిలికానే. మిగిలిన దాంట్లో పొటాషియం ముఖ్యం. విషపు లోహాలు తక్కువ. ఆరబెట్టిన బట్టల మీద నల్లగా రాలే ఊక బూడిద చూడటానికి భయంగా ఉంటుంది, కళ్లలో పడితే మండుతుంది, ఫిర్యాదులూ దాని మీదే ఎక్కువ వస్తాయి. కానీ లోహాల పరీక్షలో పెద్దగా నిలబడేది కాదు.

టోల్‌గేటు దగ్గర బ్రేకులు

సంక్రాంతికి హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు బారులు తీరడం ఏటా వార్తే. ఆగి, కదిలి, మళ్లీ ఆగే ప్రతిసారీ బ్రేకు లైనింగు అరుగుతుంది. అందులోంచి రాగి, యాంటిమొనీ, బేరియం, ఇనుము వస్తాయి. టైరు అరిగితే జింకు. పొగ ఎంత శుభ్రమైనా, బండి కరెంటుదైనా ఈ రెండూ ఆగవు.

రాగి ఒక్కటే కనిపిస్తే తొందరపడకూడదు. నల్లగొండ బత్తాయి తోటలున్న జిల్లా. చెట్ల మొదళ్లకు పూసే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం ఉంటుంది, అదీ రాగే. తోటల మట్టి లేచినా గాలిలో కాస్త రాగి కనిపిస్తుంది. దాని వెంట యాంటిమొనీ రాదు. దీపావళి మర్నాడు బేరియం పెరిగితే బ్రేకులను అనడానికి లేదు, ఆకుపచ్చ వెలుగు కోసం బాణసంచాలో వాడే బేరియం లవణాలవి. వాటిని సుప్రీంకోర్టు 2018లోనే నిషేధించింది.

పెట్రోలులో సీసం 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా ఆగిపోయింది. గాలిలో సీసం బాగా తగ్గడానికి అదే కారణం. ఇప్పుడు సీసం ఎక్కడైనా ఎక్కువ తేలిందంటే పాత బ్యాటరీలను కరిగించే చోట్లను వెతకాలి. తుక్కు ఇనుము కరిగించే ఇండక్షన్ ఫర్నేసుల దగ్గరా సీసం వస్తుంది, కాకపోతే దాని వెంట జింకు, మాంగనీసు ఉంటాయి. జింకు పూత ఉన్న రేకులను కరిగిస్తే జింకు ముందే ఆవిరైపోయి పొగలో కలుస్తుంది. బ్యాటరీ సీసం వెంట ఇంత జింకు ఉండదు.

ఫిల్టర్ ఎప్పుడు, ఎక్కడ

మాన్యువల్ కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 సార్లు గాలి నమూనా తీస్తారు. యంత్రం నిమిషానికి దాదాపు 1.1 ఘనపు మీటర్ల గాలిని పీలుస్తుంది, 24 గంటల్లో దాదాపు 1,600 ఘనపు మీటర్ల గాలిలోని దుమ్ము ఫిల్టర్ కాగితం మీద చేరుతుంది. లోహాల పరీక్షకు ఆ కాగితం ఏ రకందన్నది కూడా ముఖ్యం. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌లోనే జింకు, బేరియం, అల్యూమినియం ఉంటాయి, ఖాళీ ఫిల్టర్‌ను విడిగా పరీక్షించి ఆ మేరకు తీసేయకపోతే లేని బ్రేకులు, లేని టైర్లు లెక్కలోకి వస్తాయి. క్వార్ట్జ్ ఫిల్టర్ వాడితే సిలికాన్ కొలవడం కుదరదు, ఫిల్టరే సిలికా కాబట్టి.

కాలం కూడా అంతే ముఖ్యం. నైరుతి గాలుల్లో పడమటి నుంచి వచ్చే గాలి వానతో కలిసి దుమ్మును కడిగేస్తుంది, ఆ నెలల ఫిల్టర్లు దాదాపు తెల్లగా ఉంటాయి. చలికాలం గాలి ఈశాన్యం, తూర్పు నుంచి వస్తుంది. ఉత్తరాది మైదానాల పొగ బంగాళాఖాతం మీదకు కదిలే కాలం అదే. గోదావరి లోయలో బొగ్గు గనులు, థర్మల్ కేంద్రాలు ఉన్న దిక్కు కూడా అదే. జనవరిలో నల్లగొండ ఫిల్టర్‌లో సెలీనియం పెరిగితే అది దామరచర్లదా, రామగుండం వైపుదా, ఇంకా పైనుంచి వచ్చిందా అన్నది ఆ రోజు గాలి నడిచిన దారి చూడకుండా చెప్పలేం. చలికాలం పొద్దున పొగ పైకి లేవకుండా నేలను అంటిపెట్టుకుని ఉండటంతో దగ్గరి వాటా కూడా అప్పుడే పెరుగుతుంది. రెండూ ఒకే నెలల్లో పెరగడమే ఇక్కడి అసలు కష్టం.

దీనికి ఉన్న దారి ఒకే ఊళ్లో ఒకే యంత్రం పెట్టకపోవడం. వాడపల్లి పట్టీకి గాలి వచ్చే వైపు ఒకటి, గాలి పోయే వైపు ఒకటి పెట్టి, ఒకే రోజు రెండు ఫిల్టర్లు తీసి తేడా చూస్తే, దూరం నుంచి వచ్చింది రెండిటిలోనూ సమానంగా ఉంటుంది. మిగిలిన తేడా మధ్యలో ఉన్న చిమ్నీలది, కుప్పలది, రోడ్డుది. విశాఖలో ఇదే పని సముద్రపు గాలి పగలూ రాత్రీ దిక్కు మార్చుకుంటూ తానే చేసిపెడుతుంది. నల్లగొండలో ఆ పని రెండో యంత్రం చేయాలి.